పడిశము పది రోగముల పెట్టు

పడిశము పది రోగముల పెట్టని మనవారిలో ఒక సామెత కలదు. ఈ ఒక్క రుగ్మతకే మన భాషలో పడిశము, జలుబు, రొంప అని మూడు పేర్లున్నవి. మా హోసూరు ప్రాంతమున ప్రక్కయింటి కన్నడిగులు దీనిని నెగడి యందురు. ఎదురింటి తమిళులు జలదోషమందురు. ఇన్ని పేర్లున్నను దీనిని లెక్కచేయువారు లేరు. మందు మ్రింగినచో వారము, మ్రింగకున్న ఏడు దినములు అని నవ్వి ఊరకుందురు. సామెతను కట్టిన పెద్దలు మాత్రము నవ్వుచు కట్టినట్లు తోచదు. ఆ మాట అక్షరాల నిజమగు ఇంటిలో మేము పది సంవత్సరములకు పైగా కాపురముండుటచేత, ఈ సంచికకు సంధులను, సమాసములను ప్రక్కనబెట్టి పడిశమును గూర్చియే వ్రాయదలచితిమి.

ఇట్లు వ్రాయుటకు మఱియొక నిమిత్తము గూడ కలదు. సాయంకాలమున మా యింటి అరుగుమీద మా అక్కగారు పిల్లలచేత పద్యములు వల్లెవేయించుటయు, వారి వ్రాతపుస్తకములు దిద్దుటయు మీరెఱిగినదే. గత కార్తీకమున దగ్గుచున్న పిల్లలను కొందఱను మేము గడప యొద్దనుండియే పంపివేసితిమి. రెండు దినముల పిమ్మట ఒక తండ్రి వచ్చి, "మా బిడ్డ రెండుసార్లు దగ్గితే గడప తొక్కనీరా, అయ్యవారూ?" అని యడిగెను. ఆయన ప్రశ్నలో తప్పు లేదు. మూడు భాషల నడుమ తెలుగు నిలుపుకొనుచున్న మన యూళ్లలో ఒకరి గడప నొకరు తొక్కుటయే మనకున్న బలము. శిక్షణకై చిత్తూరు జిల్లాకు పోయి అక్కడ కొన్నాళ్లున్నప్పుడు, బజారులోను బస్సులోను తెలుగే వినబడుట మాకు వింతగా నుండెడిది. ఇక్కడ అది ఇండ్ల అరుగులమీద మాత్రమే దొరకును. అట్టి అరుగునుండి బిడ్డను త్రిప్పి పంపినచో తండ్రికి నొప్పి కలుగును. సమాధానము చెప్పవలసిన బాధ్యత మాది. అక్కగారి నడుగగా, తన పేరు వ్రాయవద్దనిరి. జబ్బు పేరు మాత్రము తప్పక వ్రాయుమనిరి.

2013వ సంవత్సరమున అక్కగారికి ఎడమకంటి చూపు మసకబారెను. కన్ను కదల్చినచో నొప్పి. ఒక కండ్లద్దముల దుకాణమున అద్దములు మార్చి పంపిరి. కొన్ని వారములకు చూపు తనంతట తానే చక్కబడెను. మెప్పు అద్దములకు దక్కెను. 2015లో కుడికాలు మొద్దుబారి, నడచునపుడు చెప్పు జారిపోయినను తెలియకుండెను. తల ముందునకు వంచినచో మెడనుండి వెన్ను పొడవునను కరెంటు ప్రాకినట్లుండెడిది. బెంగుళూరులో ఎం.ఆర్.ఐ. తీసి, వెన్నునీరు పరీక్షించి, మల్టిపుల్ స్క్లెరోసిస్ అని చెప్పిరి. వైద్యుడు కన్నడమున వివరించెను; చీటీ ఇంగ్లీషున నుండెను; మందుల దుకాణమువాడు తమిళమున వెల చెప్పెను. ఇల్లు చేరిన పిమ్మట అక్కగారు మమ్మడిగిన మొదటి ప్రశ్న, "దీనికి తెలుగులో పేరేమిరా?" అని.

మా నిఘంటువులలో దొరకలేదు. ఈ వ్యాధిని 1868లో పారిసు నగరమున సాల్పెత్రియేర్ వైద్యశాలలో షార్కో అను ఫ్రెంచి వైద్యుడు స్పష్టముగా వర్ణించెను. మరణించిన రోగుల మెదడులోను, వెన్నుపాములోను అక్కడక్కడ గట్టిపడిన మచ్చలు కనబడెను. స్క్లెరోసిస్ అనగా గ్రీకు మూలమున గట్టిపడుట. మచ్చలు పెక్కు గనుక మల్టిపుల్. బహుకాఠిన్యమని మేమొక పేరు కట్టి చూపగా అక్కగారు నవ్వి, "జబ్బుకంటె నీ పేరే బరువుగా నున్నది" అనిరి. కావున మా యింట దీని పేరు ఎం.ఎస్. అనియే స్థిరపడెను. ఐరోపా, ఉత్తర అమెరికా ఖండములలో ఇది ఎక్కువ. మన దేశమున తక్కువ. పురుషులకంటె స్త్రీలకు హెచ్చుగా వచ్చును. ఇరువది, నలువది ఏండ్ల నడుమ బయటపడుట సాధారణము. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము దీనిని తన పట్టికలో చేర్చినది. తలిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసినది వేఱొకటి కలదు. ఎం.ఎస్. అంటువ్యాధి కాదు. ఆమె నుండి పిల్లలకు వచ్చునది పద్యములు మాత్రమే. పిల్లల నుండి ఆమెకు రాగలది పడిశము.

విద్యార్థులారా, పొలములోని మోటారునకు పోవు తీగను మీరు చూచియుందురు. లోపల రాగి, పైన తొడుగు. మన నరపు పోగులకు గూడ మైలిన్ అను క్రొవ్వుపొర తొడుగువలె చుట్టుకొని యుండును. ఈ పొర గల లావుపాటి పోగులో వార్త సెకనుకు నూఱు మీటర్ల వఱకు పరుగెత్తగలదు. పొరయే లేని సన్నపు పోగులో ఒక మీటరు పోవుట గగనము. ఎం.ఎస్.నందు మెదడు, వెన్నుపాము, కంటినరము – వీనిలోని మైలిన్ పొరను శరీరపు రక్షకకణములే కొఱికివేయును. శత్రువుల బారినుండి కాపాడవలసిన కణములే ఇట్లు చేయుటచే, కంచెయే చేను మేసినట్లగును. దెబ్బ తగిలిన చోటునుబట్టి చూపో, నడకయో, చేతిపట్టో, మూత్రముమీది అదుపో చెడును. కొంతకాలమునకు వాపు తగ్గి, పొర కొంత మరల పెరిగి, చాలమందికి పూర్తిగనో సగముగనో నయమగును. మరల ఎప్పుడో మఱియొకచోట దెబ్బ. దీనినే వైద్యులు రిలాప్స్ అందురు. మేము తిరుగుదెబ్బ యందుము.

ఇక పడిశము కథ. 2018 జనవరిలో అక్కగారికి ఫ్లూ సోకి జ్వరము 102 డిగ్రీలకు ఎక్కెను. మా యూరు సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున నున్నది. ధనుర్మాసపు మంచులో ఇంటింట దగ్గులే. మూడవనాటి ఉదయమున అక్కగారు మంచము దిగబోగా కుడికాలు నిలువలేదు. ఎడమకన్ను 2013లోవలె మసకబారెను. ఇల్లంతయు తల్లడిల్లెను. బెంగుళూరు వైద్యునికి ఫోను చేయగా ఆయన తొందరపడక, "కొత్త లక్షణమేదైన ఉన్నదా, అన్నియు పాతవేనా?" అని మాత్రమడిగెను. అన్నియు పాతవే. పారాసిటమాల్ ఇచ్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, నీరు త్రాగించి, మూత్రపరీక్ష గూడ చేయించుమనెను. మూత్రమార్గపు జబ్బుకూడ ఇట్టి ఆటలే ఆడించునట. జ్వరము దిగిన రెండవనాడు అక్కగారు గోడ పట్టుకొని వంటయింటికి వచ్చిరి. వారము తిరుగకమునుపే చూపు యథాస్థితికి వచ్చెను.

ఈ వింతకు నూటముప్పది ఏండ్ల చరిత్ర కలదు. 1890లో జర్మనీ దేశపు నేత్రవైద్యుడు విల్హెల్మ్ ఊట్‌హాఫ్, ఎం.ఎస్. రోగులకు వ్యాయామము చేసినపుడు చూపు మందగించి, విశ్రమించిన పిమ్మట మరల వచ్చుటను కనిపెట్టెను. కారణము శ్రమ కాదు, దానివలన హెచ్చిన వేడి యని తరువాత తేలెను. శరీరపు వేడి అర డిగ్రీ సెల్సియస్ పెరిగినను పొర చెడిన నరములో వార్త ఆగిపోవచ్చును. ఎం.ఆర్.ఐ. లేని కాలమున రోగిని వేడినీటి తొట్టిలో కూర్చుండబెట్టి ఈ వ్యాధిని పరీక్షించెడివారట. చదివినప్పుడు మాకు ఒళ్లు జలదరించెను. రైతుబిడ్డలకు ఇట్లు చెప్పిన తెలియును. గండి పూడ్చిన కాలువలో నీరు చివరిమడికి ఏదో విధముగా ప్రాకుచుండును. ఎండ ఒకింత ముదిరిన దినమున ఆ మడికి చేరదు. చూచువారికి మరల గండి పడినట్లే యుండును. పడలేదు, చల్లబడినచో నీరు మరల పాఱును. వైద్యులు దీనిని నిజమైన తిరుగుదెబ్బగా లెక్కింపరు. జ్వరము లేని వేళ, క్రొత్త లక్షణము పుట్టి, ఒక దినమునకు తక్కువ గాకుండ నిలిచిననే దానిని తిరుగుదెబ్బ యందురు. ఈ భేద మెఱుగనివారు ప్రతి జ్వరమునకును స్టీరాయిడ్లు ఎక్కింపుమని తొందరపెట్టుదురు. వైరసు ఒంటిలో నున్నపుడు అవి రక్షణను ఇంకను తగ్గించును.

జ్వరమొక్కటియే చిక్కైనచో తడిగుడ్డతో తీరిపోయెడిది. పడిశము నిజమైన గండిని గూడ కొట్టగలదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రపు ట్యూసాన్ నగరమున విలియం సిబ్లీ అను వైద్యుడును ఆయన సహచరులును 170 మంది ఎం.ఎస్. రోగులను, 134 మంది ఆరోగ్యవంతులను ఎనిమిదేండ్లపాటు నెలనెలయు విచారించి, 1985లో ఫలితములు ప్రకటించిరి. పడిశమువంటి వైరసు జబ్బు సోకుటకు రెండు వారముల ముందునుండి సోకిన పిమ్మట ఐదు వారముల వఱకు గల కాలమున తిరుగుదెబ్బల జోరు, మిగిలిన కాలముకంటె దాదాపు మూడింతలుండెను. ఇంత ఓపికగా నెలనెలయు అడిగి తెలిసికొనిన పనిని మేము ఉపాధ్యాయులముగా ఎంతయు మెచ్చుకొందుము. హాజరుపట్టీ వ్రాయువారికి దాని విలువ తెలియును.

ఆ లెక్కలోనే మఱి రెండు సంఖ్యలున్నవి. వానిని మా పదవతరగతి పిల్లలకు శాతముల అభ్యాసముగా నిచ్చితిమి. నూఱు వైరసు జబ్బులలో ఇంచుమించు తొమ్మిదికి మాత్రమే తిరుగుదెబ్బతో పొత్తు కనబడెను. నూఱు తిరుగుదెబ్బలలోనో, ఇరువది యేడు వైరసు జబ్బుల చుట్టుప్రక్కల వచ్చినవి. "ఏది నిజము అయ్యవారూ, తొమ్మిదియా, ఇరువది యేడా?" అని ఒక బాలిక యడిగెను. రెండును నిజమే. వీధినుండి చూచినను పెరటినుండి చూచినను ఇల్లొక్కటే. మొదటి సంఖ్య అక్కగారికి ధైర్యమిచ్చును; పది పడిశములలో తొమ్మిది ఏ హానియు చేయక పోవును. రెండవది మాకు జాగ్రత్త నేర్పును. దెబ్బలలో నాలుగవ వంతుకు పైగా వీనితో కలిసి వచ్చుచున్నవి గనుక, తప్పించుకొనగలిగిన పడిశమును తప్పించుకొనుట మేలు. ఆ యధ్యయనముననే రోగులకు ఆరోగ్యవంతులకంటె పడిశములు తక్కువగా వచ్చినట్లు తేలెను. ఇది వారి అదృష్టమని మేమనుకొనము. కాలు సాగనివారు సంతలకు, పెండ్లిండ్లకు పోవుట మానుకొందురు. పడిశము తగ్గుటతోబాటు మనుష్యులును తగ్గుదురు.

పడిశమునకు నరములతో నేమి పని యని అడుగవచ్చును. సాధారణమైన పడిశపు వైరసు ముక్కునందు, గొంతునందు కాపురముండునదే. మెదడునకు పోవలసిన పని లేదు. దానిని తరుముటకు శరీరము తన కణములన్నిటిని మేలుకొలుపును. మేలుకొన్నవానిలో మైలిన్‌పై పగబట్టినవియు నుండును. కణములను మేలుకొలుపు పదార్థములలో గామా ఇంటర్‌ఫెరాన్ ఒకటి. దీనిని మందుగా ఇచ్చి చూచిన వైద్యులు 1987లో ప్రకటించిన ఫలితమిది: 18 మందికి ఇయ్యగా ఏడుగురికి తిరుగుదెబ్బ తగిలెను, ప్రయోగము నాపివేసిరి. వైరసు సోకినపుడు మన శరీరము ఆ పదార్థమునే తనంతట తాను తయారుచేసికొనును. దాని దాయాదియైన బీటా ఇంటర్‌ఫెరాన్ మాత్రము ఈ వ్యాధికి మేలుచేయు మందై 1993లో అమెరికాలో అనుమతి పొందెను. ఒకే యింటిపేరుగల ఇద్దఱిలో ఒకడు నిప్పుపెట్టువాడు, ఒకడు ఆర్పువాడు.

అక్కగారు మొదట ఆ బీటా సూదులే తీసికొనిరి. 2019 నుండి ఆఱు నెలలకొకసారి రిటుక్సిమాబ్ అను మందును సెలైనువలె ఎక్కించుచున్నారు. ఇది బి కణములను తుడిచివేయును. తిరుగుదెబ్బలు ఆగినవి, ఆమె ఈనాడు చేతికఱ్ఱతో అరుగుమీదికి రాగలుగుట ఈ మందు చలవయే యని మా నమ్మకము. కాని వైరసులకు ప్రతికణములు తయారుచేయు వంశము ఆ బి కణములదే. ఇంటి కావలిని తగ్గించుకొనిన ఫలము 2020లో కోవిడ్ వచ్చినపుడు అనేక దేశములలో కనబడెను. ఎం.ఎస్. రోగులలో వయసు మీరినవారును, నడక బాగుగా చెడినవారును, రిటుక్సిమాబ్, ఓక్రెలిజుమాబ్ వంటి మందులు వాడువారును తక్కినవారికంటె హెచ్చుగా తీవ్రస్థితికి పోయిరి. ఈ మందులు వాడువారికి టీకా వేసినను ప్రతికణములు చాలినంతగా పుట్టకపోయెను. టి కణములు మాత్రము మేలుకొనుటచే కొంత రక్షణ దక్కెను. ఆ రెండేండ్లు మా అరుగు పాడుపడియుండెను. అక్కగారు ఫోనులో పద్యములు చెప్పిరి. అవతల సగము వినబడకున్నను పిల్లలు "ఆ, ఆ" అనుచుండిరి.

వ్యాధి ముదిరిన కొందఱికి ఊపిరితిత్తులను ఆడించు కండరములు బలహీనపడి, గట్టిగా దగ్గలేకపోవుదురు. మ్రింగుటలో అన్నము, నీరు దారి తప్పును. అట్టివారికి పడిశము న్యుమోనియాగా మాఱుట సులభము. జాక్విలిన్ డు ప్రే అను ఇంగ్లీషు సంగీత విదుషి చెల్లో వాద్యమున లోకప్రసిద్ధురాలు. వ్రేళ్లకు స్పర్శ తప్పి వాయింపలేకపోగా 1973లో ఎం.ఎస్. అని తేలెను, 1987లో నలుబది రెండవయేట న్యుమోనియాతో మరణించెను. అక్కగారి స్థితి అది కాదు. అయినను ఆమె వాయించిన రికార్డు ఒకదానిని విని, ఆ పూట ఇంకేమియు మాటాడలేదు.

టీకాను గూర్చి మన యూరిలో ఒక పుకారున్నది: టీకా వేసికొన్నచో నరముల జబ్బు తిరుగబడునని. ఈ అనుమానము ఐరోపాలో గూడ నుండెడిది. 643 మంది రోగులను పరిశీలించి 2001లో ప్రకటించిన అధ్యయనమున, టీకా వేసిన పిమ్మటి రెండు నెలలలో తిరుగుదెబ్బలు పెరుగలేదని తేలెను. ఫ్లూ సూదిలో నుండునది చచ్చిన వైరసు లేక దాని తునుకలు. ముక్కులో చల్లు ఫ్లూ మందు వేఱు. అందులో బలము తగ్గించిన సజీవ వైరసుండును గనుక రిటుక్సిమాబ్ వంటివి వాడువారికి తగదు. మందు ఎక్కించుటకు కొన్ని వారముల ముందే సూది వేసికొన్నచో ఫలము హెచ్చు. అక్కగారికే కాక ఇంటిల్లిపాదికిని ఏటేట వేయించుచున్నాము. తరగతిలో నలుబదిమంది నడుమ నిలిచి పాఠము చెప్పు మాకు అది మఱింత అవసరము.

తండ్రిగారి ప్రశ్నకు మా జవాబు ఇదియే. దగ్గుచున్న బిడ్డను త్రిప్పి పంపుటలో ఆ బిడ్డపై కినుక లేదు. తుంపురులు దూరముగా నున్నవారికి తక్కువ చేరును. గాలి ఆడుచోట ఇంకను తక్కువ. అందుచేత తరగతి కిటికీలు చలికాలమునను తెఱిచియుంచుచున్నాము. చలియని గొణగువారు శాలువ తెచ్చుకొనవచ్చును. దగ్గు వచ్చినపుడు అరచేతిలో గాక మోచేతి మడతలో దగ్గుడు. ముక్కు చీదిన చేతిని సబ్బుతో కడుగుడు. జ్వరమున్న బిడ్డను హాజరుశాతమునకై బడికి పంపవలదు. ఆ సెలవునకు మేము సంజాయిషీ అడుగము. ఒక మందుల దుకాణమున పడిశమునకు యాంటీబయాటిక్ మాత్రలు లెక్కపెట్టి ఇచ్చుటను చూచితిమి. అవి బాక్టీరియాలపై పనిచేయునవి, వైరసులను తాకవు. ఆ డబ్బుతో నిమ్మకాయలు కొన్నను పులుసైన మిగులును.

మొన్నటి పుష్యమాసమున తొమ్మిదవతరగతి బాలుడొకడు పడిశము పట్టి తనంతట తానే అరుగునకు రాక, తన వ్యాసమును చెల్లెలిచేత పంపెను. అక్కగారు ఆ పుస్తకమును ఒక పూట ఎండలో బెట్టించి, పిమ్మట దిద్దిరి. "శ" వ్రాయవలసినచోట నాలుగుమారులు "స" వ్రాసియుండెను. నాలుగింటిక్రిందను ఎఱ్ఱగీత పడెను. వెనుకపుటలో, జ్వరము తగ్గిన మూడు దినములకు రమ్మనియు, వచ్చునపుడు మిగిలిన రెండు పద్యములు కంఠస్థముగా నుండవలెననియు వ్రాసి పంపిరి.